చాక్లెట్ సిస్ట్ తీసేశాక కూడా ఎండోమెట్రియోసిస్ మళ్ళీ ఎందుకొస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ అయిన రెండేళ్ళకో మూడేళ్ళకో కొత్త స్కానింగ్ రిపోర్టు బల్ల మీద పెట్టి, "మొత్తం తీసేశామన్నారు కదా మేడమ్, మళ్ళీ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడుగుతారు. ఆ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ వినిపిస్తుంది. గైనకాలజిస్టుగా ఆ ప్రశ్నకు నేను చెప్పే జవాబులూ, ఓపీ హడావుడిలో చెప్పడానికి వ్యవధి దొరకనివీ ఇక్కడ రాశాను.

అసలు చాక్లెట్ సిస్ట్ అంటే ఏమిటి? మామూలు నీటి బుడగకీ దీనికీ తేడా ఏమిటి?

అండాశయంలో నెలనెలా అండం పెరిగే చోట వచ్చే నీటి బుడగలు చాలావరకు ఒకటి రెండు నెలసర్లలో వాటంతటవే కరిగిపోతాయి. చాక్లెట్ సిస్ట్ ఆ కోవలోది కాదు. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం అండాశయంలో చేరుతుంది. నెలసరి హార్మోన్లకు గర్భసంచి ఎలా స్పందిస్తుందో అదీ అలాగే స్పందిస్తుంది, అక్కడా రక్తం కారుతుంది. బయటికి పోయే దారి లేక ఆ రక్తం నెలల తరబడి నిలవ ఉండి, చిక్కబడి, కరిగిన చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. 1921లో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ వీటిని వివరంగా రాశారు. వైద్యులు వాడే పేరు ఎండోమెట్రియోమా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీకున్న జబ్బు ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచి బయట పెరగడం. సిస్ట్ ఆ జబ్బు అండాశయంలో బయటపడిన తీరు మాత్రమే. ఆపరేషన్‌లో తీసేది సిస్ట్‌ని. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడా ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్లే తర్వాత అంత నిరాశ.

మరి సిస్ట్ పూర్తిగా తీసేశాక మళ్ళీ ఎలా వస్తుంది?

ముందు ఆపరేషన్ థియేటర్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. ల్యాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రం గుండా కడుపులోకి కెమెరా పంపి తెర మీద చూస్తూ, ఒక సన్నటి పట్టకారుతో సిస్ట్ గోడనీ, ఇంకో దానితో అండాశయాన్నీ పట్టుకుని ఎదురెదురుగా మెల్లగా లాగుతాం. కొంతదూరం ఉల్లిపొర ఊడినట్టు తెల్లగా, సాఫీగా వస్తుంది. రక్తనాళాలు అండాశయంలోకి ప్రవేశించే చోటు దగ్గరపడేసరికి ఆ పొర మాయమవుతుంది. రక్తం ఊరుతుంది, ఏది సిస్ట్ గోడో ఏది మంచి అండాశయమో తేలదు. ఇంకా లాగితే ఆరోగ్యంగా ఉన్న అండాలు కూడా దాంతోపాటు ఊడి వస్తాయి. ఆపేస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల గోడ లోపలే ఉండిపోవచ్చు. పిల్లలు కావాలనుకునే అమ్మాయి విషయంలో చాలామంది సర్జన్లు అక్కడ ఆపుతారు. నేనూ ఆపుతాను. ఆ మిగిలిన ముక్క మళ్ళీ సిస్ట్‌గా పెరిగే అవకాశం ఉందని తెలిసే ఆపుతాం.

ఇది మొదటి కారణం. రెండోది కంటికి కనిపించని జబ్బు. ఎండోమెట్రియోసిస్ మచ్చలు నల్లగా, ఎర్రగా, తెల్లగా, ఒక్కోసారి నీటిచుక్కల్లా రకరకాలుగా ఉంటాయి. కొన్ని పొత్తికడుపు లోపలి పొర కింద దాక్కుంటాయి. కొన్ని గర్భసంచి వెనక కండరబంధాల్లోకి, పేగు గోడలోకి లోతుగా దిగి ఉంటాయి. ఎంత పెద్దది చేసి చూపే కెమెరా అయినా అన్నిటినీ పట్టుకోలేదు.

మూడోది, జబ్బును తెచ్చిపెట్టిన పరిస్థితులు ఆపరేషన్ తర్వాత కూడా అలాగే ఉండటం. నెలసరి వచ్చినప్పుడు కొంత రక్తం అండవాహికల గుండా వెనక్కి, పొత్తికడుపులోకి పోతుంది. ఇది దాదాపు పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్ళకు జరిగేదే. అయినా ఎండోమెట్రియోసిస్ వచ్చేది పదిమందిలో ఒకరికి. తక్కినవాళ్ళలో రోగనిరోధక వ్యవస్థ ఆ కణాలను ఊడ్చేస్తుంది, ఈ ఒక్కరిలో అవి అతుక్కుని బతుకుతాయి. ఆ స్వభావాన్ని కత్తి మార్చలేదు. పైగా అండం విడుదలైన చోట అండాశయం మీద నెలనెలా చిన్న గాయం పడుతుంది, లోపల కాస్త రక్తం చేరుతుంది. అలాంటి చోటే చాక్లెట్ సిస్ట్‌గా మారడాన్ని వరుస స్కానింగుల్లో గమనించిన పరిశోధకులు ఉన్నారు.

నాలుగోది, ఈ కణజాలం సొంతంగా ఈస్ట్రోజన్ తయారు చేసుకోగలదు. తన ఎరువు తనే వేసుకునే మొక్క అనుకోండి. దాన్ని అదుపులో పెట్టాల్సిన ప్రొజెస్టెరాన్ మాట మాత్రం సరిగా వినదు. అందుకే కాస్త మిగిలినా అది నిద్రపోయి ఊరుకోదు.

ఎంతమందికి మళ్ళీ వస్తుంది?

2009లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. ఆపరేషన్ తర్వాత రెండేళ్ళలో సుమారు 21 శాతం మందికి, ఐదేళ్ళలో 40 నుంచి 50 శాతం మందికి జబ్బు తిరగబెట్టిందని లెక్క తేల్చింది. ఈ అంకెలు చూసి గుండె జారిపోవద్దు. కొన్ని అధ్యయనాలు నొప్పి తిరిగి రావడాన్ని లెక్కేశాయి, కొన్ని స్కానింగ్‌లో సిస్ట్ కనిపించడాన్ని లెక్కేశాయి. ఆపరేషన్ తర్వాత మందులు వాడినవాళ్ళలో తిరగబెట్టడం బాగా తక్కువ.

ఎవరికి ఎక్కువగా తిరగబెడుతుంది?

చిన్న వయసులో ఆపరేషన్ అయినవాళ్ళకి. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది, చిన్న వయసు కదా త్వరగా కోలుకోవాలి కదా అంటారు. కానీ ఇరవై రెండేళ్ళ అమ్మాయికి ముందు ఇంకా పాతికేళ్ళకు పైగా నెలసర్లు ఉన్నాయి, జబ్బుకి అంత వ్యవధి ఉన్నట్టే. ఆపరేషన్ నాటికే జబ్బు మూడో నాలుగో దశలో ఉన్నవాళ్ళకి, సిస్ట్ పెద్దదైనా రెండు అండాశయాల్లో ఉన్నా, ఇంతకుముందే ఒక ఆపరేషన్ అయి ఉన్నా అవకాశం పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత గర్భం వచ్చినవాళ్ళలో తగ్గుతుంది.

మళ్ళీ వస్తే అదే అండాశయంలో వస్తుందా?

ఎక్కువగా అంతే. అందుకే మిగిలిపోయిన గోడ నుంచే పెరుగుతుందన్న వాదనకు బలం. అయితే రెండో వైపు కొత్తగా రావడం కూడా చూస్తుంటాం.

సూదితో నీరు లాగేస్తే సరిపోతుందని ఎవరో చెప్పారు. నిజమేనా?

లాగిన నీరు కొన్ని నెలల్లోనే మళ్ళీ నిండుతుంది, గోడ అక్కడే ఉంది కాబట్టి. గోడను కాల్చడం దానికంటే మెరుగు. గోడను ఒలిచి తీసేస్తే సిస్ట్ మళ్ళీ రావడం, నొప్పి మళ్ళీ రావడం రెండూ కాల్చినదానికంటే తక్కువగా ఉన్నాయని 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. మీకు ఏ పద్ధతిలో చేశారో ఆపరేషన్ నోట్సులో రాసి ఉంటుంది, చూసుకోండి.

అంటే నా డాక్టరు సరిగా చేయలేదనా?

చాలా సందర్భాల్లో కాదు. మీరు జాగ్రత్తగా లేకపోవడం వల్ల వచ్చింది అంతకంటే కాదు. బరువులెత్తినందుకో, ఆఫీసుకు త్వరగా వెళ్ళినందుకో, పెళ్ళి ఆలస్యం చేసినందుకో ఇది తిరిగి రాలేదు. ఇంట్లో ఎవరైనా అలా అంటుంటే ఈ పేరా వాళ్ళకి చదివి వినిపించండి.

కానీ ఒక విషయంలో మా వైద్యుల వైపు నుంచి లోపం జరుగుతోంది. ఆపరేషన్ బాగా చేసి, కుట్లు విప్పి, "ఇక మీకేం లేదు" అని పంపించేయడం. ఆ మాట విన్న మనిషి మందులు ఎందుకు వాడుతుంది?

ఆపరేషన్ తర్వాత హార్మోన్ మాత్రలు ఎందుకు? జబ్బు పోయాక మందెందుకు?

బీపీ మందు ఎందుకు వాడతామో దీన్నీ అందుకే వాడతాం. జబ్బును అదుపులో పెట్టడానికి. అండం విడుదల కాకుండా, నెలసరి రక్తం వెనక్కి పోకుండా, మిగిలిన కణజాలానికి మేత అందకుండా చేస్తే సిస్ట్ తిరిగి పెరగడం కష్టమవుతుంది. ఎష్రే అనే ఐరోపా సంతాన వైద్య సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, వెంటనే గర్భం కోరుకోనివాళ్ళకి చాక్లెట్ సిస్ట్ తీశాక దీర్ఘకాలం హార్మోన్ చికిత్స ఇవ్వాలనే చెబుతున్నాయి.

ఎక్కువగా వాడేవి మూడు. గర్భనిరోధక మాత్రలు ఒకటి. వీటిని మధ్యలో విరామం లేకుండా వరుసగా వాడితే నెలసరి నొప్పి తిరిగి రావడం ఇంకా తగ్గుతుంది. కళ్ళ ముందు మెరుపులు వచ్చి ఆ తర్వాత మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, ముప్పై ఐదు దాటి పొగ తాగేవాళ్ళు వీటిని వాడకూడదు. రెండోది రోజుకి 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్, ప్రొజెస్టెరాన్ తరహా మాత్ర. ఇందులో ఈస్ట్రోజన్ ఉండదు. మూడోది గర్భసంచిలో అమర్చే లెవోనార్‌జెస్ట్రెల్ (అదీ ప్రొజెస్టెరాన్ తరహా హార్మోనే) పరికరం. నెలసరి నొప్పికి ఇది చక్కగా పనిచేస్తుంది, కానీ చాలామందిలో అండం విడుదలను పూర్తిగా ఆపదు. అందుకని సిస్ట్ గురించే భయమైతే నేను మాత్రల వైపే మొగ్గుతాను.

అండాశయాలు హార్మోన్లు తయారు చేయకుండా ఆపే, నెలనెలా వేసే జీఎన్‌ఆర్‌హెచ్ ఇంజెక్షన్లు శక్తిమంతమైనవే. ఎముకల్లో సాంద్రత తగ్గుతుంది కాబట్టి ఏళ్ళ తరబడి వాడటానికి పనికిరావు, వాడినా పక్కన రక్షణగా కొద్ది మోతాదు హార్మోన్ కలిపి ఇస్తారు.

డైనోజెస్ట్ మొదలుపెట్టిన మొదటి మూడు నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించడం మామూలు. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. ముందే తెలిస్తే ఓపిక పట్టగలుగుతారు. మనసు దిగాలుగా ఉండటం, ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే మాత్రం ఓపిక పట్టొద్దు, వెంటనే డాక్టరుకి చెప్పండి, మందు మార్చవచ్చు.

నెలసరి ఆగిపోతే చెడురక్తం లోపలే ఉండిపోదా?

ఉండిపోదు. ఈ మందులకు గర్భసంచి లోపలి పొర పలచబడుతుంది. పెరగని పొర ఊడదు. బయటికి రావడానికి అక్కడ నిలవ ఉన్నదేమీ లేదు. ఈ భయంతోనే మంచి మందును మధ్యలో వదిలేసినవాళ్ళను లెక్కలేనంతమందిని చూశాను, బాధేస్తుంది.

ఎంతకాలం వాడాలి? ఆపేస్తే ఏమవుతుంది?

నెలసరి నొప్పి తిరగబెట్టకుండా కనీసం 18 నుంచి 24 నెలలు. సిస్ట్ విషయానికొస్తే గర్భం కోరుకునే వరకో, నెలసరి ఆగే వయసు దాకానో. మందు జబ్బును చంపదు, నిద్రపుచ్చుతుంది. ఆరు నెలలు వాడి ఆపేస్తే ఆ ఆరు నెలల లాభం కొద్దికాలానికే కరిగిపోతుంది. ఏళ్ళ తరబడి వాడాల్సి వస్తే ఏడాదికోసారి కూర్చుని బరువు, బీపీ, మనసు, ఎముకల సంగతి మాట్లాడుకోవాలి.

పెళ్ళి చేసుకుని పిల్లల్ని కంటే తగ్గిపోతుందంటారు?

గర్భంతో ఉన్న నెలల్లో, పాలిచ్చే కాలంలో నెలసరి ఉండదు కాబట్టి చాలామందికి ఉపశమనం ఉంటుంది. అది విరామమే, నయం కావడం కాదు. జబ్బు తగ్గించడం కోసమని గర్భం ధరించమని సలహా ఇవ్వకూడదని పైన చెప్పిన మార్గదర్శకాల్లోనే ఉంది. బిడ్డ కావాలనుకుంటే కనండి. మందుగా ఎవరూ బిడ్డను కనకూడదు.

నొప్పి మళ్ళీ మొదలైంది, స్కానింగ్‌లో మాత్రం ఏమీ లేదంటున్నారు. నేనే ఊహించుకుంటున్నానా?

లేదు. పొర మీద పరుచుకున్న చిన్న మచ్చలు స్కానింగ్‌లో కనిపించవు. లోతుగా దిగిన జబ్బును కూడా ఆ పనిలో అనుభవం ఉన్నవాళ్ళు చేసిన స్కానింగో ఎమ్మారైయో అయితేనే పట్టుకోగలదు. గర్భసంచి లోపలి పొర దాని కండర గోడలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్ కూడా ఈ జబ్బుతో పాటు తరచుగా ఉంటుంది. సిస్ట్ తీసినా దాని నొప్పి తగ్గదు.

ఇంకోటి కూడా ఉంది. ఏళ్ళ తరబడి నొప్పి భరించిన శరీరంలో నరాలు చిన్న కదలికకే ఉలిక్కిపడటం నేర్చుకుంటాయి. కటి కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. అప్పుడు జబ్బు తిరగబెట్టకపోయినా నొప్పి నిజంగానే ఉంటుంది. దానికి ఇంకో ఆపరేషన్ మందు కాదు. కటి కండరాలకు ఫిజియోథెరపీ, నరాల నొప్పికి ఇచ్చే మందులు పనిచేస్తాయి. మూత్రాశయం, పేగుల సమస్యలు కూడా ఇలాంటి నొప్పినే ఇస్తాయి, వాటినీ చూడాలి.

స్కానింగ్‌లో మళ్ళీ సిస్ట్ అన్నారు. అది చాక్లెట్ సిస్టే అనుకోవాలా?

వెంటనే అనుకోవద్దు. అండం విడుదలైన చోట రక్తం చేరిన మామూలు సిస్ట్ కూడా స్కానింగ్‌లో అలాగే మసకగా కనిపిస్తుంది. చాక్లెట్ సిస్ట్ గరుకు గాజు వెనక చూసినట్టు ఒకే తీరుగా బూడిదరంగులో ఉంటుంది, రక్తం చేరిన సిస్ట్‌లో సాలెగూడు లాంటి గీతలు ఉంటాయి. చాలాసార్లు తేడా పట్టేది కాలమే. ఆరు నుంచి పన్నెండు వారాల తర్వాత మళ్ళీ స్కానింగ్ చేస్తే మామూలుదైతే కరిగిపోయి ఉంటుంది. అప్పటిదాకా కంగారుపడి ఆపరేషన్ తేదీ పెట్టుకోవద్దు. అండాశయ క్యాన్సర్ అనుమానంలో చేసే సీఏ-125 రక్తపరీక్ష కూడా ఇక్కడ పెద్దగా తేల్చేదేం లేదు, నెలసరి రోజుల్లో చేసినా అది పెరిగి కనిపిస్తుంది.

మళ్ళీ వచ్చింది నిజమే. రెండో ఆపరేషన్ చేయించుకోవాలా?

నేను ఎక్కువసేపు కూర్చోబెట్టి మాట్లాడేది ఈ ప్రశ్న మీదే.

ప్రతి ఆపరేషన్‌లోనూ సిస్ట్ గోడతో పాటు కొన్ని మంచి అండాలు పోతాయి. అండాల నిల్వను చెప్పే ఏఎంహెచ్ పరీక్షలో అది కనిపిస్తుంది. ఆపరేషన్ కాగానే విలువ పడిపోతుంది, కొందరిలో తర్వాత కొంత కోలుకుంటుంది, అందరిలో కాదు. రెండు వైపులా సిస్ట్ తీస్తే నష్టం ఇంకా ఎక్కువ. ఇటలీలో 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో అలా రెండు వైపులా తీయించుకున్నవాళ్ళలో 2.4 శాతం మందికి ఆపరేషన్ తర్వాత అండాశయాలు పనిచేయడం ఆగిపోయింది. రెండోసారి చేసే ఆపరేషన్‌లో అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, పొరలు విడదీయడం కష్టమవుతుంది, మంచి భాగం ఇంకా ఎక్కువ పోతుంది.

అందుకని చిన్న సిస్ట్, నొప్పి మందుతో అదుపులో ఉంది, స్కానింగ్‌లో అనుమానపడాల్సిందేమీ లేదు అంటే, మందు వాడుతూ గమనిద్దాం అంటాను. పిల్లలు కావాలనుకుంటే ఆపరేషన్‌కి ముందే ఏఎంహెచ్ చేయించుకోవాలి, సంతాన వైద్యుల సలహా తీసుకోవాలి. ఐవీఎఫ్‌కి వెళ్ళేముందు సిస్ట్ తీసేయడం వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరగదు. అండాలు తీయడానికి సిస్ట్ అడ్డొస్తుంటేనో, నొప్పి భరించరానిదిగా ఉంటేనో అది వేరే సంగతి. ఆపరేషన్ తప్పదనుకుంటే ముందు అండాలు భద్రపరచుకోవడం గురించి కూడా అడగండి.

సిస్ట్ త్వరత్వరగా పెరుగుతున్నా, లోపల రక్తప్రసరణ ఉన్న గట్టి భాగం కనిపిస్తున్నా, మందులకు నొప్పి లొంగకపోయినా, పేగుకో మూత్రనాళానికో అడ్డుపడుతున్నా ఆలస్యం చేయకూడదు. అప్పుడైనా ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్లు తరచుగా చేసే చోటికే వెళ్ళండి.

గర్భసంచి తీసేస్తే శాశ్వతంగా పోతుందా?

అడినోమయోసిస్ ఉన్నవాళ్ళకి, పిల్లలు ఇక వద్దనుకున్నవాళ్ళకి చాలా మేలు చేయొచ్చు. కానీ ఎండోమెట్రియోసిస్ ఉండేది గర్భసంచి బయట. అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీస్తే మిగిలిన మచ్చలకు హార్మోన్ అందుతూనే ఉంటుంది. అండాశయాలు కూడా తీస్తే తిరగబెట్టడం బాగా తగ్గుతుంది, దానికి మూల్యంగా ఎముకలు, గుండె, నిద్ర అన్నీ ముందే మెనోపాజ్‌కు లోనవుతాయి. ముప్పైల్లో ఉన్న మనిషికి ఇది చిన్న నిర్ణయం కాదు.

క్యాన్సర్‌గా మారుతుందా?

చాలా అరుదు. ఒక స్త్రీకి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 1.3 శాతమైతే, ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ళకి సుమారు 2.5 శాతం. నెలసరి ఆగిపోయిన తర్వాత సిస్ట్ కొత్తగా కనిపించినా, పెరుగుతున్నా తప్పకుండా చూపించుకోవాలి.

తిండి మార్చుకుంటే ఆగుతుందా?

సిస్ట్ తిరిగి రాకుండా ఆపే ఆహారం ఏదీ లేదు. పొట్ట ఉబ్బరం తగ్గేలా తినడం, నడక, నిద్ర నొప్పిని తట్టుకోవడానికి సాయం చేస్తాయి. వాటిని మందుకి బదులుగా అమ్మేవాళ్ళను నమ్మవద్దు.

డిశ్చార్జి రోజున డాక్టర్ని ఏం అడగాలి?

సిగ్గుపడకుండా, చీటీ మీద రాసుకుని అడగండి. సిస్ట్ గోడ ఒలిచి తీశారా, కాల్చారా? ఇంకెక్కడ జబ్బు కనిపించింది, ఏది తీయకుండా వదిలేశారు, ఎందుకు? ఏ దశ? ఈ రోజు నుంచి ఏ మాత్ర, ఎన్నాళ్ళు? పిల్లలు కావాలనుకుంటే ఎన్ని నెలలు ప్రయత్నించి తర్వాత రావాలి? మొదటి స్కానింగ్ ఎప్పుడు?

ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు తీసుకోకుండా గది ఖాళీ చేయొద్దు. ల్యాపరోస్కోపీ వీడియో ఇస్తామంటే పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. ఐదేళ్ళ తర్వాత ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు ముందు కూర్చోవాల్సి వస్తే, మళ్ళీ కడుపులో కెమెరా పెట్టకుండానే ఆ రోజు లోపల ఏముందో ఆమె తన కళ్ళతో చూడగలుగుతుంది.